జీతం తీసుకునే పనిని సాధనగా చేసుకోవడం ఎలా?

పాసుపుస్తకం (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. నేను పల్నాడులోని ఒక చిన్న పట్టణంలో బ్యాంకు కౌంటరులో పనిచేస్తున్నాను. మా వీధివాళ్ళం కొందరం బృందంగా తిరుమలలో శ్రీవారి సేవకు వెళ్ళివస్తుంటాం. అక్కడ అన్నప్రసాదం వడ్డించినా, కూరగాయలు తరిగినా, క్యూలో ఉన్నవారికి మంచినీళ్ళు అందించినా అలసట తెలియదు. ఎవరైనా కసురుకున్నా ‘గోవిందా’ అనుకుని ఊరుకోగలుగుతాను. తిరిగివచ్చి కౌంటరులో కూర్చున్నాక మాత్రం అటువంటి జనమే బరువుగా కనిపిస్తారు. అక్కడ భక్తులు, ఇక్కడ ఖాతాదారులు, అంతే తేడా.

జీతం తీసుకుని చేసే పనిని కూడా సేవగా, సాధనగా మార్చుకోవచ్చునని పెద్దలు చెబుతారు. ఆచరణలో దానికి అర్థమేమిటో తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఒక ఉదాహరణ చెబుతాను. ఉపాధి హామీ కూలీ డబ్బులు తీసుకోవడానికి వచ్చే ముసలివాళ్ళలో చాలామందికి యంత్రం మీద వేలిముద్ర పడదు. ఏళ్ళ తరబడి మిరపకోతలకు, పత్తితీతలకు పోయిన చేతులవి; వేళ్ళ మీది గీతలు అరిగిపోయి ఉంటాయి. వేలు తుడిపించాలి, కొద్దిగా తడి చేయించాలి, బొటనవేలు కాకపోతే చూపుడువేలు, అదీ కాకపోతే రెండో చేయి పెట్టించాలి. ఈలోగా సర్వరు ఆగిపోతుంది. వెనుక వరుస కదలక గొణుగుడు మొదలవుతుంది. ఆ సమయంలో నా మనసులో ఏముండాలి? భగవన్నామమా, ఆ వేలా, వెనుక నిలబడ్డవాళ్ళా?

పెద్దబడి పంతులు

పాసుపుస్తకం గారికి నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు, సంస్కృతం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ ప్రశ్న వినగానే ఎవరైనా గీత 2వ అధ్యాయంలోని 47వ శ్లోకం అందుకుంటారు. అందుకున్నవారు చాలావరకు సగంలోనే దించేస్తారు. ‘కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన’ అన్న తరువాత ‘మా తే సంగోఽస్త్వకర్మణి’, అంటే పని మానడం మీద నీకు ఆసక్తి కలగకూడదు, అనే నాలుగో పాదం కూడా ఉంది. ఫలం నా చేతిలో లేదు కనుక ఏదో కానిచ్చేస్తానులే అనే బుద్ధిని ఆ పాదం అప్పటికప్పుడే అడ్డుకుంటుంది. 3వ అధ్యాయం 25వ శ్లోకంలో ఇదే విషయాన్ని మరింత గట్టిగా చెప్పాడు. ఫలం మీద ఆశ ఉన్నవాడు ఎంత పట్టుదలగా పనిచేస్తాడో, లోకహితం కోరే జ్ఞాని ఆశ లేకుండానే అంత పట్టుదలగా చేయాలట. అంటే సాధకుడి పని లోభి పనికన్నా నాసిగా ఉండడానికి వీల్లేదు.

మీ కొలువుకు ఇంకా దగ్గరగా వచ్చే మాటలు 18వ అధ్యాయంలో ఉన్నాయి. సాత్త్విక కర్తను వర్ణించేటప్పుడు సంగం (ఫలాసక్తి) లేకపోవడం, ‘నేను చేశాను’ అనకపోవడంతో పాటు ‘ధృత్యుత్సాహసమన్వితః’, అంటే ధైర్యోత్సాహాలు కలవాడు, అని చేర్చాడు. ముఖం వేలాడేసుకుని చేసే నిష్కామకర్మకు అక్కడ చోటు లేదు. ఇక 28వ శ్లోకంలోని తామస కర్తను చూస్తే, మన కార్యాలయాల్లో కొన్నిటిని వ్యాసుడు ముందే చూసివచ్చాడేమో అనిపిస్తుంది. ఇవాళ అయ్యే పనికి ‘రేపు రండి’ అనే దీర్ఘసూత్రి అక్కడ సోమరి పక్కనే కూర్చుని ఉన్నాడు.

మీరడిగిన మూడింటిలో నా ఓటు ఆ వేలికే. నామం ఆ వేలి దగ్గరకు మిమ్మల్ని తీసుకువస్తే మంచిదే. వేలిని మరిపిస్తే ఆ జపం ఇంటి దగ్గర చేసుకోవలసినది.

ధమ్మసేవకుడు

పంతులుగారితో ఏకీభవిస్తూనే, ప్రశ్నలో దాగి ఉన్న ఒక పోలిక సరైనది కాదని చెప్పదలచుకున్నాను. హైదరాబాదులో వనస్థలిపురం దగ్గర ఉన్న ధమ్మ ఖేత్త విపశ్యనా ధ్యాన కేంద్రంలో నేను అప్పుడప్పుడూ సేవకుడిగా ఉంటాను. పది రోజుల శిబిరం ఒక్కటైనా పూర్తిచేసినవారికే ఆ అవకాశం ఇస్తారు. జీతం ఉండదు, సాధకుల దగ్గర రుసుమూ తీసుకోరు; పాత సాధకులిచ్చే దానాలతోనే కేంద్రం నడుస్తుంది. సేవకులు వంటింట్లో ఎంత పని ఉన్నా రోజుకు మూడుసార్లు గంట చొప్పున సామూహిక ధ్యానంలో కూర్చోవాలి.

అక్కడ నాకూ చికాకు తక్కువే. ఎందుకు తక్కువో తరచి చూస్తే కొంత ఆధ్యాత్మికమైన కారణం, కొంత కేవలం ఏర్పాటుకు సంబంధించిన కారణం కనిపించాయి. భోజనం, వసతి ఎవరో చూస్తారు. సెలవు పెట్టి వచ్చాం కనుక ఇంటి బాధ్యత లేదు. లక్ష్యాలు లేవు, తనిఖీలు లేవు, బదిలీ భయం లేదు, ఫలానా తేదీకి ముగిసిపోతుందని ముందే తెలుసు. తిరుమలలో మీ ప్రశాంతతలో కూడా ఈ భాగం ఎంతో కొంత ఉండి తీరుతుంది. కనుక అక్కడ కలిగిన భావాన్ని కొలబద్దగా పెట్టుకుని కౌంటరును కొలిస్తే కౌంటరు ఎప్పటికీ ఓడిపోతుంది. సేవా శిబిరం అభ్యాసం చేసే చోటు. ఉద్యోగం ఆ అభ్యాసం ఎంతవరకు వచ్చిందో తెలిసే చోటు.

ఆచరణ సంగతికి వస్తే, విసుగు మాటగా మారకముందే శరీరంలో తెలుస్తుంది. నాకు దవడ బిగుసుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది. మరొకరికి మెడలోనో కడుపులోనో తెలియవచ్చు. దాన్ని పోగొట్టాలని ప్రయత్నించనక్కర లేదు. ఉన్నదని గుర్తించి, ఒకటి రెండు శ్వాసలు దాన్ని గమనిస్తూ చేతిలో పని కొనసాగిస్తే చాలు. ఆ కాస్త వ్యవధిలో నోటికి వచ్చే మాట మారుతుంది.

ఎర్రమట్టి

అందరూ చక్కగా రాస్తున్నారు కనుక కొంచెం ఉప్పు వేయడానికి వచ్చాను. ‘పనే సేవ, సేవే సాధన’ అనే మాట పనిచేసేవాడి నోటి నుంచి వచ్చినప్పుడు ఒక అర్థం, పని చేయించుకునేవాడి నోటి నుంచి వచ్చినప్పుడు మరొక అర్థం. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975లో మొదలైంది. అర్ధశతాబ్దం గడిచినా అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చేదాన్ని నేటికీ జీతమనరు, గౌరవ వేతనమంటారు. 2005లో వచ్చిన ఆశా కార్యకర్తలను స్వచ్ఛంద సేవకులుగానే లెక్కగట్టారు. వీరిని కార్మికులుగా గుర్తించాలని 2013లో 45వ భారత కార్మిక మహాసభ సిఫారసు చేసింది. అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లో చెప్పవలసి వచ్చింది. ఆ తరువాత కూడా ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా వాళ్ళు రోడ్డు మీద కూర్చున్నారు. ‘పిల్లలకు సేవ చేసే తల్లులు మీరు, సమ్మెలేమిటి’ అనే మాట ఆ శిబిరాల దగ్గర ఎవరు వినలేదు?

నిష్కామకర్మ బోధించే ఏ కంపెనీ అయినా తన వాటాదారులకు నిష్కామంగా ఉండమని చెప్పిందా? నాకు సాధన మీద ద్వేషం లేదు. ఆ సాధన భారమంతా ఎప్పుడూ కింది మెట్టు మీద ఉన్నవాడే ఎందుకు మోయాలన్నదే నా ప్రశ్న.

వార్డు సిస్టర్

ఎర్రమట్టి గారి ప్రశ్న నాకూ ఉంది, దాని దగ్గరకు తరువాత వస్తాను. ముందు పాసుపుస్తకం గారికి నాకు తెలిసినది చెబుతాను. నేను స్టాఫ్ నర్సును, క్రైస్తవురాలిని. కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో, ఏమి చేసినా మనుష్యుల కోసం కాక ప్రభువు కోసమన్నట్టు మనస్ఫూర్తిగా చేయమనే మాట ఉంది. నర్సింగు బడిలో మా గోడ మీద ఆ వాక్యమే రాసి ఉండేది. దాని ముందు వచనం ‘దాసులారా’ అని మొదలవుతుందని గోడ మీద రాయలేదు. ఆ మాట బానిసలను ఉద్దేశించి చెప్పినదని తెలిసిన తరువాత కొన్నాళ్ళు నాకు మింగుడు పడలేదు. ఇప్పుడు కూడా పూర్తిగా పడిందని చెప్పను. అయినా ఆ వాక్యాన్ని వదులుకోలేదు. ఎవరికోసం చేస్తున్నానో నిర్ణయించుకునే హక్కును అది నాకు మిగిల్చిందని అనుకుంటాను.

వార్డులో ఎరుకతో పనిచేయడం అంటే పెద్ద పెద్ద మాటలేమీ ఉండవు. ఒక రోగి దగ్గర నుంచి మరొక రోగి దగ్గరకు వెళ్ళేముందు చేతులు శుభ్రం చేసుకోవాలి. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, చేతికి రాసుకునే ద్రావణంతో అయితే 20 నుంచి 30 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అరచేతులు, వాటి వెనుక భాగం, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళ కొనలు వరుసగా రావాలి. హడావిడిలో అందరూ వదిలేసేది బొటనవేలినే. నేను ఆ సెకన్లనే ప్రార్థనగా పెట్టుకున్నాను. మాటలేవీ ఉండవు. ఇంతకుముందు మంచం మీది మనిషిని అక్కడే వదిలి, రాబోయే మనిషి పేరు ఒకసారి తలచుకుంటాను. తరువాత మందు ఇచ్చేటప్పుడు రోగి, మందు, మోతాదు, ఇచ్చే మార్గం, సమయం అనే అయిదూ సరిచూసుకోవాలి. చేతిపట్టీ మీద పేరు చదివినా సరే, పేరు ఆయన నోటితోనే చెప్పించుకుంటాను. ఒకే వార్డులో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉండడం మనకు కొత్తేమీ కాదు కదా.

రోగికి నా భక్తితో నిమిత్తం లేదు. సరైన మందు సరైన వేళకు అందిందా లేదా అన్నదే ఆయనకు తెలుస్తుంది. నా సాధన నిజమైనదో కాదో తేల్చుకోవడానికి కూడా నాకు అంతకన్నా మంచి గుర్తు దొరకలేదు.

మదురై మేడ

వార్డు సిస్టర్ గారి చివరి మాటకు మా ఊరి నుంచి ఒక సాక్ష్యం చేర్చనివ్వండి. మేము తరాల క్రితం తమిళనాడులో స్థిరపడిన తెలుగువాళ్ళం. మదురైలో అరవింద కంటి ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి (1918–2006) జీవితం ఈ విషయానికి బాగా సరిపోతుంది. యువకుడిగా ఉన్నప్పుడే తీవ్రమైన కీళ్ళవాతం వచ్చి ఆయన చేతివేళ్ళు వంకర తిరిగిపోయాయి. ప్రసూతి వైద్యం వదిలి కంటి వైద్యంలోకి వచ్చి, ఆ వేళ్ళతోనే కత్తి పట్టడం నేర్చుకున్నారు. లక్షకు పైగా శస్త్రచికిత్సలు చేశారు. ప్రభుత్వ కొలువు నుంచి 58 ఏళ్ళకు విరమించి, 1976లో 11 మంచాలతో ఆసుపత్రి తెరిచారు. ఆయన పుదుచ్చేరి శ్రీ అరవిందుల మార్గంలో నడిచినవారు. ఆసుపత్రి పేరు అక్కడిదే.

ఆయన భక్తి సంగతి అందరూ చెబుతారు. నన్ను ఆకర్షించినది ఆ భక్తి ఏ రూపం తీసుకున్నదన్న విషయం. శస్త్రచికిత్స గదిలో ఒక వైద్యుడికి రెండు బల్లలు ఉంటాయి. ఒక బల్ల మీద ఆపరేషను జరుగుతుండగా రెండో బల్ల మీద తరువాతి రోగిని సిద్ధం చేస్తారు. వైద్యుడు ఇటు ముగించి అటు తిరుగుతాడు. పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలకు రెండేళ్ళు శిక్షణ ఇచ్చి, వైద్యుడే చేయనక్కర లేని పనులన్నీ వారికి అప్పగించారు. డబ్బు ఇచ్చే రోగుల వల్ల వచ్చే ఆదాయంతో ఇవ్వలేనివారికి చికిత్స చేస్తారు. కంట్లో అమర్చే కటకాలు దిగుమతి ధరకు పేదలకు అందవని 1992లో తామే తయారుచేయడం మొదలుపెట్టారు. నిదానంగా, ప్రేమగా రోజుకు నలుగురికి చూపు ఇచ్చి తృప్తిపడి ఉండవచ్చు. చూపు లేక బయట కూర్చున్న అయిదోవాడిని కూడా లెక్కలోకి తీసుకోవడం వల్ల ఆ రెండో బల్ల వచ్చింది.

పాసుపుస్తకం గారు ‘వేలా, వరుసా’ అని అడిగారు కదా, రెండూ అనే నేను చెబుతాను. ఎదుట ఉన్న వేలికి మనసు కావాలి, వెనుక ఉన్న వరుసకు పద్ధతి కావాలి.

పెద్దబడి పంతులు

మదురై మేడ వారికి ధన్యవాదాలు. గీతలోని ‘యోగః కర్మసు కౌశలమ్’ (కర్మల్లో కౌశలమే యోగం) అన్న మాటను పని నేర్పరితనం అని మాత్రమే చెప్పడాన్ని వ్యాఖ్యాతలు ఒప్పుకోరు. సమత్వబుద్ధితో చేసి బంధంలో పడకపోవడమే అక్కడి కౌశలమంటారు. అయినా మీరు చెప్పిన ఉదాహరణలో రెండూ ఒకచోటనే ఉన్నాయి.

నిర్వాహకులు

అంగన్‌వాడీ సమ్మె మీద రాజకీయ పార్టీల పేర్లతో వచ్చిన మూడు వ్యాఖ్యలను తొలగించాం. ఎర్రమట్టి గారి అభ్యంతరం చర్చనీయాంశానికి సంబంధించినదే కనుక అలాగే ఉంచాం. దయచేసి విషయం మీదనే మాట్లాడండి.

కల్యాణపథం

నాది జహీరాబాదు. మా ఊరికి బీదరు, బసవకల్యాణం దగ్గర కావడం వల్ల శరణుల, అంటే బసవన్నతో నడిచిన శివభక్తుల, కథలు వింటూ పెరిగాను. పని ద్వారా మోక్షం అన్న మాటను 12వ శతాబ్దంలో వాళ్ళంత సూటిగా పట్టుకున్నవారు అరుదు. కాయకం అన్నారు, చెమటోడ్చి చేసే నిజాయితీ గల పని ఏదైనా కాయకమే, అదే కైలాసమన్నారు. చాకలి మాచయ్య, తాళ్ళు పేనే చందయ్య, పడవ నడిపే చౌడయ్య, ఏలినవారి కొలువులో లెక్కలు చూసే బసవన్న, అందరూ ఒకే పంక్తిలో కూర్చున్నారు. తెలుగువారికి ఈ శరణుల కథలు పాల్కురికి సోమనాథుడి ద్విపదలో ఏనాడో అందాయి. మడివాలు మాచయ్య కథ అక్కడే చదువుకోవచ్చు.

ఎర్రమట్టి గారి ప్రశ్నకు ఈ సంప్రదాయంలోనే ఒక జవాబు ఉందని నాకు అనిపిస్తుంది. మారయ్య అనే శరణుడు రాలిపడిన బియ్యపు గింజలు ఏరుకొచ్చి, ఆ బియ్యంతోనే జంగమార్చన (జంగములకు, అంటే సంచార శివభక్తులకు, చేసే సేవ) చేసేవాడు. ఒకనాడు రోజుకన్నా ఎక్కువ బియ్యం తెచ్చాడు. భార్య లక్కమ్మ మూట చూడగానే పట్టేసింది. ఈ ఎక్కువ ఎక్కడిది, ఇది మన కాయకానిది కాదు, వెళ్ళి ఎక్కడ తెచ్చావో అక్కడే పోసిరా అని పంపించింది. భక్తుడి పట్ల దయతో ఎక్కువ గింజలు రాలేటట్టు చేసినవాడు సాక్షాత్తూ బసవన్నే అని చెబుతారు. అయినా ఆమె ఒప్పుకోలేదు.

ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, చేసిన పనికి మించి తీసుకోకపోవడం. ఇది అందరూ చెప్పేదే. రెండోది, చేసిన పనికి వచ్చేది తమదే అని నిస్సంకోచంగా అనుకోవడం. వాళ్ళు దయాధర్మం స్వీకరించలేదు, ప్రతిఫలాన్ని తిరస్కరించనూ లేదు. కాయకంలో కూలి మాట ఎత్తడం తప్పు కాదు. కాయకం తరువాత దాసోహం వస్తుంది, అంటే సంపాదించినదాన్ని నలుగురితో పంచుకోవడం. కూలే ఇవ్వకపోతే పంచుకోవడానికి ఏముంటుంది?

గట్టుమీది కొంగ

లక్కమ్మ కథ మా నాయనమ్మ చెప్పేది. మూట చూసి బరువు పసిగట్టిందంటే ఆ ఇంట్లో లెక్క ఎవరి చేతిలో ఉండేదో తెలుస్తూనే ఉంది.

ఎర్రమట్టి

కల్యాణపథం గారి జవాబు నాకు నచ్చింది, కనుక దాన్నే మరికొంచెం ముందుకు లాగుతాను. కులవృత్తిని దైవకార్యంగా చూపించడం వల్ల ఆ వృత్తిలో ఉన్నవాడి గౌరవం పెరిగిందా, లేక ఆ వృత్తిలోనే అతణ్ణి ఉంచేయడం సులువైందా? ‘స్వకర్మణా తమభ్యర్చ్య’ (తన పనితోనే భగవంతుణ్ణి పూజించి) అనే గీతలోని మాటను తరతరాలుగా ఎవరికి వినిపించారో మనకు తెలుసు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని 1993లో ఒక చట్టం, 2013లో మరొక చట్టం నిషేధించినా, మురుగు గుంటల్లో దిగి చనిపోయేవారి వార్తలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆ మనిషితో నీ పని దైవసేవ అని చెప్పడానికి నాకు నోరు రాదు. అతనికి కావలసింది యంత్రం, వేరే ఉపాధి.

పెద్దబడి పంతులు

ఎర్రమట్టి గారు అడిగినది న్యాయమైన ప్రశ్న. సంప్రదాయం పక్షాన నిలబడి దీన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. ధర్మవ్యాధుడి కథనే తీసుకోండి. ఆంధ్ర మహాభారతం అరణ్యపర్వంలో ఎఱ్ఱన పూరించిన భాగంలో ఈ ఉపాఖ్యానం వస్తుంది. చూపుతో కొంగను కాల్చిన తపస్వి కౌశికుడు, మొదట ఒక గృహిణి దగ్గర, ఆమె పంపగా మిథిలలో మాంసం అమ్ముకునే ఒక వ్యాధుడి దగ్గర ధర్మం నేర్చుకుంటాడు. బ్రాహ్మణుడు కసాయి అంగడికి శిష్యుడిగా నడిచి వెళ్ళడం ఆ కథలోని సాహసం. అదే వ్యాధుడు, ఇది నా తండ్రితాతల నుంచి వచ్చిన వృత్తి, పూర్వకర్మ వల్ల నాకు సంక్రమించింది, అందుకే విడువలేదు అని చెప్పడం ఆ కథలోని పరిమితి. ఈ రెండూ కలిసే ఉన్నాయి. ఒకటి చెప్పి ఒకటి దాచడం ఉపాధ్యాయుడి పని కాదు. అతను ఎవరి బలవంతమూ లేకుండా తన పనిని ఎలా చేశాడన్నది నేను నేర్చుకోదగినది. నీవు కూడా అక్కడే ఉండు అని మరొకరికి చెప్పడానికి ఆ కథను ఆధారంగా వాడుకునే హక్కు నాకు లేదు.

డబ్లిన్ నుంచి

చాలాకాలంగా చదవడమే తప్ప రాయని సభ్యుణ్ణి. పంతులుగారు మాంసం అంగడి ప్రస్తావన తెచ్చారు కనుక అడుగుతున్నాను. బుద్ధుడు ఉపాసకులకు ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం అనే అయిదు వ్యాపారాలను వద్దన్నాడు. ధర్మవ్యాధుడు అక్కడ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవాలి! ఎలా చేస్తున్నావన్నది భారతం చూస్తే, ఏమి చేస్తున్నావన్నది బుద్ధుడు ముందు చూశాడు.

నేను చేసేది, మొబైలు ఆటల్లో ప్రకటనలు ఎక్కడ, ఎప్పుడు కనిపిస్తే జనం ఎక్కువసేపు ఉండిపోతారో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పని. శ్రద్ధగానే చేస్తాను, కోడ్‌లో తప్పులు తక్కువే. అయితే నేను ఎంత ఎరుకతో చేస్తే ఎదుటివాడి ఎరుక అంత పోతుంది. దీన్ని ఎవరికి సేవ అనుకోవాలి?

ధమ్మసేవకుడు

డబ్లిన్ నుంచి రాసినవారికి: మీరు చెప్పిన సందర్భంలో ‘ఎలా’ అనేది ‘ఏమి’ని కాపాడలేదు. ఎరుక అంటే పని మీద ఏకాగ్రత మాత్రమే అయితే జేబుదొంగకు కూడా అది ఉంటుంది. అందుకే విపశ్యనలో శీలం (మంచి నడవడి) ముందు, సమాధి (మనసు నిలపడం) తరువాత, ప్రజ్ఞ ఆ తరువాత. వెంటనే రాజీనామా చేయమని మాత్రం నేను చెప్పను. వీసా, ఇల్లు, పిల్లలు ఉన్నవారికి అటువంటి సలహా ఇవ్వడం, ఇచ్చేవాడికి చాలా తేలిక.

డబ్లిన్ నుంచి

రాజీనామా ఆలోచన ఇప్పుడే లేదు. మా సంస్థలోనే, చూపు లేనివారు తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో మా ఉత్పత్తులను వాడగలిగేటట్టు సవరించే చిన్న జట్టు ఒకటి ఉంది. బొమ్మలకు వివరణలు, బొత్తాలకు పేర్లు పెట్టడం వంటి పని. పదోన్నతులు తక్కువ వస్తాయని అటు ఎవరూ వెళ్ళరు. అక్కడికి మార్పు అడగవచ్చునేమో. దానివల్ల ఆ ఆటలు మరికొందరిని కట్టిపడేస్తాయి కదా అని ఎర్రమట్టి గారు అంటారని నాకు తెలుసు.

ఎర్రమట్టి

అంటాను. అయినా అడగండి.

ఇందూరు ప్రయాణికుడు

నిజామాబాదు నుంచి నాందేడు గురుద్వారాకు వెళ్ళివచ్చే మాలాంటివారికి జోడాఘర్ సంగతి తెలుసు. అక్కడ చెప్పులు తీసుకునేవారిలో ఎవరు ఏ ఉద్యోగమో, ఎంత ఉన్నవారో చెప్పలేం. టోకెను ఇచ్చి, చెప్పులు దుమ్ము తుడిచి అరలో పెడతారు. అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగరులో కూడా అంతే. వడ్డించినవారే కాసేపటికి పంక్తిలో కూర్చుంటారు, తిన్నవారు వెళ్ళి పళ్ళేలు కడుగుతారు. సాధన భారం కింది మెట్టువాడి మీదనే ఎందుకని ఎర్రమట్టి గారు అడిగారు కదా, పని వంతులవారీగా తిరిగే చోట ఆ ప్రశ్న చాలావరకు తలెత్తదు. మన కార్యాలయాల్లో అధికారి నెలకు ఒక పూట కౌంటరులో కూర్చుంటే ఎలా ఉంటుందో ఎవరైనా ప్రయత్నించి చూడాలి.

పాసుపుస్తకం

ఇన్ని కోణాలు వస్తాయని అనుకోలేదు. ధమ్మసేవకుడు గారు చెప్పినట్టు దవడను గమనిస్తున్నాను. బిగుసుకోవడం నిజమే, చాలావరకు సర్వరు ఆగినప్పుడే, మనుషుల వల్ల తక్కువ. మదురై మేడ గారి రెండో బల్ల మాట పట్టుకుని మేనేజరు గారితో మాట్లాడాను. వేలిముద్ర పడనివారికి కనుపాపతో గుర్తించే పరికరం మరొక బల్ల మీద పెట్టి, రద్దీ రోజుల్లో వారిని అటు పంపాలని అనుకుంటున్నాం. పరికరం పై కార్యాలయం నుంచి రావాలి.

నాకు మిగిలిన సందేహం ఒక్కటే. ఇంత చేసినా పరికరం రాకపోతే, లేదా వచ్చినా పనిచేయకపోతే, ఫలం మీద ఆశ లేకుండా ఉండడం అంటే అక్కడ ఊరుకోవడమా?

వార్డు సిస్టర్

ఊరుకోవడం కాదనే నా అభిప్రాయం. ఎర్రమట్టి గారికి బాకీ ఉన్న జవాబు కూడా ఇదే కనుక కలిపి రాస్తాను. మా వార్డులో రాత్రి డ్యూటీకి ఉండవలసినంత మంది నర్సులు ఉండరు. ఆ పరిస్థితిలో నేను ఎంత ప్రార్థనాపూర్వకంగా చేతులు కడుక్కున్నా, రెండు మంచాల మీద ఒకేసారి ఇబ్బంది వస్తే ఒకరి దగ్గరకు ఆలస్యంగానే వెళ్తాను. ఇది నా ఓర్పు పెంచుకోవడానికి దేవుడిచ్చిన అవకాశమని చాలాకాలం చెప్పారు, నేనూ విన్నాను. ఆలస్యమైనది నాకు కాదు, రోగికి. అతని బాధను నా సాధనకు సరుకు చేసుకునే హక్కు నాకెక్కడిది?

అందుకని మేము కొందరం కలిసి అర్జీ రాశాం. కోపంగా రాయలేదు. ఏ రాత్రి ఎంతమంది రోగులు, ఎంతమంది నర్సులు, ఏ మందు ఎంత ఆలస్యమైంది అన్నది రిజిస్టరు నుంచి తీసి, మందుల పట్టిక నింపేటప్పుడు చూపే జాగ్రత్తతోనే పట్టిక కట్టాం. ఒక్క అంకె తప్పినా మొత్తం కొట్టిపారేస్తారని తెలుసు కనుక ఇద్దరం వేరువేరుగా సరిచూశాం. ఆ పట్టిక కట్టిన సాయంత్రాన్ని కూడా నేను సేవలోనే లెక్కపెట్టుకున్నాను. మంజూరు చేయడం మా చేతిలో లేదు. జవాబు రాలేదు. వచ్చే వారం సూపరింటెండెంటు గారికి రెండోసారి ఇవ్వబోతున్నాం.

ఎర్రమట్టి

సిస్టర్ గారూ, ఈసారి రెండు ప్రతులు పట్టుకువెళ్ళండి. మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ వేయించి సంతకం తీసుకోండి. మొదటిసారి ఇచ్చినదానికి రసీదు లేకపోతే, ఫలానా తేదీన ఇచ్చాం అని ఈ అర్జీ మొదటి పేరాలోనే రాయండి. ముసాయిదా ఇక్కడ పెట్టనక్కర లేదు. కావాలంటే నాకు విడిగా పంపండి, సర్వీసు నిబంధనల్లో ఏది ఉదహరించాలో చూసి చెబుతాను.